బూజువిషము నుండి కణమరణము వరకు: డాక్టరు కన్నెగంటి తిరుమలాదేవి పరిశోధనలు

అనంతపురము పీఠభూమిలో వేరుసెనగను శెనక్కాయ యందురు. సాలుకు సగటున 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే కురియు ఆ ఎర్రనేలలలో వేరొక పైరు నిలుచుట కష్టము. నైరుతి ఋతుపవనములు పడమటి కనుమలు దాటి వచ్చునప్పటికి చాలవరకు వట్టిపోవును. ఈశాన్య ఋతుపవనములు తీరమును విడిచి ఇంతదూరము వచ్చునప్పటికి బలహీనపడును. 2022లో జిల్లా రెండుగా విభజింపబడినను ఇరుప్రక్కల నేల ఒకటే, బెట్ట ఒకటే. ఊడలు దిగి కాయ ఊరు వేళ బెట్ట తగిలినచో రైతునకు రెండు విధముల నష్టము కలుగును. కాయ తాలుపోయి దిగుబడి పడిపోవుట మొదటిది. అది కంటికి కనబడును. రెండవది కంటికి కనబడదు.

ఆ నేలలో ఆస్పర్జిల్లస్ ఫ్లేవస్ అను బూజు ఎల్లప్పుడు ఉండును. వేరుసెనగ గింజ దీనికి ఊరక లొంగిపోదు. బూజు తాకిన వెంటనే కొన్ని రక్షక రసాయనములను తయారుచేసి దానిని అడ్డుకొనును. అయితే ఈ రసాయనముల తయారీకి గింజలో తగినంత తేమ ఉండవలెను. బెట్టకు నేల వేడెక్కి గింజలోని తేమ తగ్గినచో గింజకు ఆ శక్తి పోవును. బూజు మాత్రము అంతకంటె తక్కువ తేమలోనే పెరుగగలదు. కావున కాయ ఇంకను నేలలో ఉండగనే బూజు లోపల ప్రవేశించి అఫ్లటాక్సిన్ అను విషమును నింపును. వేయించినను, ఉడికించినను ఈ విషము పూర్తిగా నశింపదు. గానుగలో ఆడించినచో ఎక్కువ భాగము చెక్కలో మిగిలి, పశువుల దాణాలోనికి, అచ్చటినుండి కొంత రూపు మార్చుకొని పాలలోనికి వచ్చును.

ఈ విషము సంగతి లోకమునకు తెలిసినది 1960లో. ఇంగ్లండులో లక్షకు పైగా టర్కీకోళ్లు కారణము తెలియని వ్యాధితో చచ్చిపోయినవి. వెదకగా వెదకగా దోషము వాని మేతలో కలిపిన బ్రెజిలు దేశపు వేరుసెనగ చెక్కలో కనబడినది.

మనుష్యుని కాలేయములో అఫ్లటాక్సిన్ చేయు పని చిత్రమైనది. విషములను విరిచి బయటికి పంపవలసిన ఎన్జైములే దీనిని మరింత చురుకైన పదార్థముగా మార్చును. ఆ పదార్థము కణకేంద్రములోని డి.ఎన్.ఎ.కు అతుకుకొని అందలి అక్షరమును తారుమారు చేయును. ఎక్కువగా దెబ్బతిను జన్యువులలో పి53 అనునది ఒకటి. దీని ఉద్యోగమేమో చూడుడు: డి.ఎన్.ఎ. చెడిన కణమును విభజన చెందకుండ ఆపుట, బాగుపడు దారి లేనిచో ఆ కణము చచ్చునట్లు చేయుట. అనగా దొంగ మొట్టమొదట కావలివానినే పడగొట్టుచున్నాడు! చావవలసిన కణము చావక, పెరుగుచు, విభజన చెందుచు పోయినచో అదియే కాన్సరు. హెపటైటిస్-బి వైరస్ కూడ ఉన్నవారిలో ఈ ప్రమాదము ఎన్నో రెట్లగును. రెండు కారణములు కలిసినప్పుడు ఫలితము వాని మొత్తమును మించిపోవుట అను ఈ సంగతిని పాఠకులు గుర్తుంచుకొనవలెను. మరల దానితో పని పడును.

ఇక మన కథానాయిక. కన్నెగంటి తిరుమలాదేవి బొగ్గుగనుల పట్టణమైన కొత్తగూడెమునకు చెందినవారు. అచ్చటి సింగరేణి కాలరీస్ మహిళా కళాశాలలో రసాయన, జంతు, వృక్షశాస్త్రములు చదివి, ఉస్మానియా విశ్వవిద్యాలయము నుండి ఎం.ఎస్సి., పిహెచ్.డి. పట్టములను పొందిరి. ఆమె తొలి పరిశోధన వైద్యమునకు చెందినది కాదు. ఆహారములోని బూజువిషములను గూర్చినది. హైదరాబాదు చెంత పటాన్‌చెరువులోని ఇక్రిశాట్ శాస్త్రజ్ఞులతో కలిసి మిరపకాయలలోను, మిరియములు, పసుపు మొదలైన దినుసులలోను ఓక్రటాక్సిన్ అను విషమును, పాలలో అఫ్లటాక్సినును, కోళ్లదాణాలో ఈ రెంటిని కనుగొను పరీక్షలపై ఆమె పనిచేసిరి. ఆ వ్యాసములు 2000 మొదలు 2002 వరకు వెలువడినవి.

ఆ పరీక్షలోని కిటుకు తెలిసికొనదగినది. నూరుకోట్ల పాళ్లలో ఒకటి రెండు పాళ్లున్న విషమును పట్టవలెను. అందుకు కుందేలు రక్తములో పుట్టు ప్రతిరక్షక పదార్థము సాధనము. కాని అఫ్లటాక్సిన్ వంటి చిన్న అణువును ఒంటరిగా ఎక్కించినచో కుందేటి శరీరము దానిని శత్రువుగా గుర్తింపనే గుర్తింపదు. దానిని ఒక పెద్ద మాంసకృత్తునకు అతికించి ఎక్కించినప్పుడే ప్రతిరక్షకము పుట్టును. శరీరము దేనిని ప్రమాదమని గుర్తించును, దేనిని చూచియు చూడక వదలును అను ప్రశ్న ఈ చిన్న చిట్కాలోనే దాగియున్నది. ఆమె తరువాతి పరిశోధనలన్నియు ఈ ప్రశ్న చుట్టును తిరిగినవే.

తరువాత ఆమె అమెరికా వెళ్లి విస్కాన్సిన్, ఒహాయో రాష్ట్రములందలి విశ్వవిద్యాలయములలో శిలీంధ్రముల జన్యుశాస్త్రమును, మొక్కల సహజ రక్షణశక్తిని పరిశీలించిరి. మొక్కకు రక్తము లేదు, తెల్లకణములు లేవు. తెగులు సోకినచోట చుట్టునున్న కణములు తమంత తాము చచ్చి తెగులునకు దారి మూసివేయుట దాని ప్రధాన రక్షణోపాయములలో నొకటి. 1845 ప్రాంతమున ఐర్లండులో బంగాళాదుంప పంటను నాశనము చేసి కరవు తెచ్చిన తెగులుజీవి నుండి రెండు మాంసకృత్తులను తీసికొని, పొగాకుజాతి మొక్కపై ఆమె, సహచరులు పరీక్షించిరి. రెండును కలిసి పనిచేసినప్పుడు ఆకులోని కణములు విడివిడిగా కంటె మిక్కిలి ఉధృతముగా చచ్చినవి. ఈ వ్యాసము 2006లో వచ్చినది.

ఆ సంవత్సరమే ఆమె పేరు 'నేచర్' పత్రికలో కూడ కనబడినది. అప్పటికి ఆమె మొక్కలను విడిచి మిషిగాన్ విశ్వవిద్యాలయములో గాబ్రియేల్ నూన్యెజ్ ప్రయోగశాలలో ఎలుకల కణములపై పనిచేయుచుండిరి. ఈ మార్పు వినుటకు వింతగా నుండవచ్చును గాని అంత వింత కాదు. మొక్కలలో తెగులును పసిగట్టు మాంసకృత్తులకును, జంతుకణములలోని కొన్ని మాంసకృత్తులకును నిర్మాణములో పోలిక కలదు. అట్టివానిలో ఎన్.ఎల్.ఆర్.పి.3 ఒకటి. సూక్ష్మజీవుల ఆర్.ఎన్.ఎ. ఎదురైనప్పుడు కాస్పేజ్-1 అను ఎన్జైము మేల్కొనుటకు ఈ మాంసకృత్తు కావలెనని ఆ వ్యాసములో చూపిరి. ఇట్టి కావలి మాంసకృత్తులు మరికొన్నింటితో కూడి ఏర్పడు సముదాయమునకు ఇన్‌ఫ్లమసోమ్ అని పేరు. వాపును, జ్వరమును కలిగించు సంకేతములు దీనినుండి వెలువడును.

2007లో ఆమె మెంఫిస్ నగరములోని సెయింట్ జూడ్ బాలల పరిశోధనాసుపత్రిలో స్వంత ప్రయోగశాలను నెలకొల్పిరి. అచ్చటి పనిలో కాన్సరునకు సంబంధించిన మొదటి ముఖ్యఫలితము 2011లో వచ్చినది. ఎన్.ఎల్.ఆర్.పి.12 అను మాంసకృత్తు లేని ఎలుకలకు పెద్దప్రేగులో వాపు ఎక్కువై, గడ్డలును ఎక్కువగా పుట్టినవి. కావలివాడు కేకవేయుటకే కాదు, కేక మితిమీరకుండ ఆపుటకును ఉన్నాడన్నమాట. 2015లో ఏ.ఐ.ఎమ్.2 అను మరొక మాంసకృత్తును గూర్చి తెలిసినది. ఇది కణములో దారితప్పిన డి.ఎన్.ఎ.ను పసిగట్టునని అప్పటికే తెలియును. ప్రేగులోని మూలకణములు అదుపు తప్పి పెరుగకుండ కూడ ఇది చూచునని ఆమె బృందము కనుగొన్నది.

ఇప్పుడు కణము చచ్చు విధములను కొంచెము నిదానముగా చూడవలెను. ఊరిలో ఒక కొట్టమును తీసివేయవలెనన్నచో వాసములు విప్పి, బోద దింపి, చప్పుడు లేకుండ మోసికొని పోవచ్చును. 1972లో అపాప్టోసిస్ అని పేరుపడిన మరణము ఇట్టిది. ఆకు రాలుట అని ఆ గ్రీకుమాటకు అర్థము. కొట్టమునకు నిప్పంటుకొన్నప్పుడో, తప్పెట కొట్టి ఊరిని లేపుచు దానిని కూలద్రోయుదురు. కణపు పొర చిల్లులుపడి, లోపలి పదార్థము బయటపడి, చుట్టునున్న కణములకు హెచ్చరిక చేయు పైరాప్టోసిస్, నెక్రాప్టోసిస్ అనునవి ఈ రెండవ తెగకు చెందినవి. ఈ మూడు దారులు వేరువేరనియు, ఒకదానితో ఒకటి సంబంధము లేనివనియు చాలకాలము పుస్తకములలో వ్రాయుచు వచ్చిరి.

2016లో ఇన్‌ఫ్లుయెంజా వైరస్ సోకిన కణములను పరీక్షించునప్పుడు తిరుమలాదేవి బృందమునకు ఈ లెక్క సరిపడలేదు. ఒక దారికి కావలసిన జన్యువును తీసివేసినను కణము చచ్చుచునే యున్నది. వైరస్‌ను పసిగట్టు జెడ్.బి.పి.1 అను మాంసకృత్తును తీసివేసినప్పుడు మాత్రము మరణము ఆగినది. అనగా మూడు దారులకు ముఖద్వారము ఒక్కటే. మూడు దారుల మాంసకృత్తులును ఒకేచోట గుమిగూడి పనిచేయునని భావించి, ఆంగ్లములో వాని తొలి అక్షరములను కూర్చి, ఈ మరణమునకు 2019లో పానాప్టోసిస్ అని పేరుపెట్టిరి. ఇది నిజముగ ప్రత్యేకమైన మార్గమా, లేక మూడు మార్గములు ఒకేసారి నడచుటయా అని ప్రశ్నించు శాస్త్రజ్ఞులును కలరు. ఆ ప్రశ్న న్యాయమైనదే. ఒక దారి మూసినను కణము చచ్చునన్న ప్రయోగఫలితము మాత్రము పేరు ఏదైనను మారదు.

కోవిడ్ కాలములో ఈ పని విలువ తెలిసినది. వ్యాధి ముదిరినవారిలో వైరస్ కంటె శరీరము విడుదల చేయు సంకేత పదార్థముల ఉప్పెనయే ప్రాణము తీయుచున్నదని వైద్యులు గమనించిరి. ఆ పదార్థములు అనేకము. వీనిలో దోషి ఏది? ఆమె బృందము ఒక్కొక్కదానిని కణములపై పరీక్షించినది. ఏ ఒక్కటియు ఒంటరిగా చెప్పుకొనదగినంత మరణమును కలిగింపలేదు. టి.ఎన్.ఎఫ్., ఇంటర్‌ఫెరాన్-గామా అను రెంటిని కలిపినప్పుడు కణములు పెద్దయెత్తున చచ్చినవి. ఈ రెంటిని కలిపి ఎక్కించిన ఎలుకలు చచ్చిపోయినవి. రెంటిని అడ్డుకొను ప్రతిరక్షకములు ఇచ్చినచో కోవిడ్ వైరస్ సోకిన ఎలుకలకు రక్షణ కలిగినది. 2021లో 'సెల్' పత్రికలో ముద్రితమైన ఈ ఫలితమును చదివినప్పుడు పొగాకుజాతి ఆకుపై రెండు మాంసకృత్తుల ప్రయోగము గుర్తుకు రాక మానదు.

కణములను చంపు ఈ జంటను కాన్సరుపై ప్రయోగింపరాదా అని విద్యార్థులకు తోచవచ్చును. బృందమునకును తోచినది. వివిధ అవయవముల కాన్సరు కణజాతులలో అనేకము ఈ జంటకు లొంగినవి. ఎలుకల గడ్డలలోనికి నేరుగా ఎక్కించగా గడ్డల పెరుగుదల తగ్గినది. అయితే ఇందలి చిక్కు పాఠకులు ఇప్పటికే గ్రహించియుందురు. గడ్డను చంపగల మోతాదు రోగిని కూడ చంపవచ్చును. కావున మరొక దారి వెదకిరి. జెడ్.బి.పి.1కు పగ్గము వేసి పట్టియుంచు ఏ.డి.ఏ.ఆర్.1 అను మాంసకృత్తు ఒకటి కలదు. అది ఉన్నంతవరకు కాన్సరు కణము చావునుండి తప్పించుకొనుచుండును. ఇంటర్‌ఫెరానుతోబాటు, కణకేంద్రమునుండి మాంసకృత్తులు వెలుపలికి పోకుండ ఆపు ఒక మందును ఇచ్చినచో ఆ పగ్గము సడలి, ఎలుకలలో చర్మపు కాన్సరు గడ్డలు తగ్గినవి. జెడ్.బి.పి.1 లేని ఎలుకలలో ఈ మందులు అట్లు పనిచేయలేదు. ఇదియు 2021 నాటి ఫలితమే. ఇవన్నియు ఎలుకల ఫలితములే గాని రోగులకు ఇచ్చు చికిత్సలు కావు; తరగతిలో చెప్పునప్పుడు ఉపాధ్యాయులు ఈ తేడాను స్పష్టపరుపవలెను.

2011లో వాపును అణచు కావలివానిగా కనబడిన ఎన్.ఎల్.ఆర్.పి.12 సంగతి ఇంకొకటి మిగిలినది. ఎర్రకణములు పగిలినప్పుడు రక్తములోనికి హీమ్ అను ఇనుముగల పదార్థము వెలువడును. మలేరియా వంటి వ్యాధులలో ఇది జరుగును. ఈ హీము సూక్ష్మజీవుల అంశములతో కూడి వచ్చినప్పుడు కణమును పానాప్టోసిస్ వైపు నడుపునది ఈ ఎన్.ఎల్.ఆర్.పి.12 యే అని అదే ప్రయోగశాల 2023లో ప్రకటించినది. హీము ఒంటరిగా ఉన్నప్పుడు అట్లు జరుగలేదు.