ముట్లు ఆగిపోయాక కండబలం



ప్రార్థనలో మోకరించిన పెద్దమ్మలు కొందరు లేచేటప్పుడు పక్కనున్న కోడలి భుజం పట్టుకుంటారు. అడిగితే మోకాళ్ళ నొప్పులంటారు. నొప్పి నిజమే గాని, చాలామందిలో తొడ కండరాలు కూడా తరిగిపోయి ఉంటాయి. కండ పోయినచోట కొవ్వు చేరుతుంది కనుక బరువు చూసుకుంటే ఈ సంగతి తెలియదు. చేతులు ఆనించకుండా కుర్చీలోంచి ఐదుసార్లు లేచి కూర్చోండి. 12 సెకన్లు దాటితే బలం తగ్గిందని అనుమానించాలి.

ముట్లు ఆగాక ఈస్ట్రోజన్ అనే హార్మోను బాగా తగ్గుతుంది. ఎముకలు, కండరాలు రెండూ నష్టపోతాయి. "అయితే ఆ హార్మోను మాత్రలే రాయండి డాక్టరుగారూ" అని కొందరు అడుగుతున్నారు. ఒంట్లో ఆవిర్లు, చెమటలు, నిద్రలేమి బాధిస్తుంటే ఆ మందు బాగా పనిచేస్తుంది, ఎముకలనూ కాపాడుతుంది. 2002లో అమెరికాలో జరిగిన పెద్ద పరిశోధనలో రెండు హార్మోన్లు కలిపి వాడినవారికి రొమ్ము క్యాన్సర్, పక్షవాతం, రక్తం గడ్డలు కొంత ఎక్కువగా కనబడ్డాయి. అయితే వారి సగటు వయస్సు 63. 60 ఏళ్ళలోపు, ముట్లు ఆగి 10 ఏళ్ళు దాటనివారికి, వేరే అడ్డంకులు లేకపోతే, సాధారణంగా మేలే ఎక్కువని తరువాత తేలింది. కండ కోసమైతే మాత్రం ఆ మాత్రలు అడగవద్దు. 2019లో 12 అధ్యయనాలను కలిపి చూసినా చెప్పుకోదగ్గ లాభం కనబడలేదు.

చిన్న వయస్సులోనే రెండు అండాశయాలూ తీయించుకున్నవారి సంగతి వేరు. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15-49 ఏళ్ళ స్త్రీలలో దాదాపు 9 శాతం మందికి గర్భసంచి తీసేశారు. అండాశయాలు కూడా తీశారో లేదో చాలామందికి తెలియదు. ఆపరేషన్ కాగితాలు దాచి తీసుకురండి. 45 లోపు తీసివేసి ఉంటే హార్మోను అవసరం కావచ్చు.

కండకు మందు వ్యాయామమే. 1990లో బోస్టన్‌లో 90 ఏళ్ళ వృద్ధులు ఎనిమిది వారాలు కాళ్ళతో బరువులెత్తితే వారి తొడల బలం సగటున రెండింతలు దాటింది.

"రోజంతా ఇంటిచాకిరీ చేస్తున్నాం, అది చాలదా?" అంటారు. చాలదు. రోజూ మోసే బిందెకు ఒళ్ళు అలవాటుపడిపోతుంది. కండ పెరగాలంటే భారం కొంచెం కొంచెంగా పెరగాలి. నడక గుండెకు మంచిది గాని తొడలకు సరిపోదు. గోడకు ఆనించిన కుర్చీలోంచి పదిసార్లు లేచి కూర్చోండి, కాస్త ఆగి మరో పదిసార్లు. వారానికి రెండు మూడు రోజులు చాలు. అది తేలికైతే చేతిలో లీటరు నీళ్ళ సీసా పట్టుకోండి, ఆ తరువాత రెండు. ఊపిరి బిగబట్టవద్దు. గుండెజబ్బు, అదుపులో లేని బీపీ ఉన్నవారు ముందు మాకు చూపించుకోండి.

తిండిలో పప్పు, గుడ్డు, పెరుగు, చేప ఉండాలి. శ్రమకాల దినాల్లో ఉపవాసముండే తల్లులు సాయంత్రం గంజి, పచ్చడితో సరిపెట్టుకోవడం మాకు ఏమాత్రం నచ్చని అలవాటు.

ముట్లు ఆగి ఏడాది దాటాక మళ్ళీ ఒక్క చుక్క రక్తం కనబడినా, హార్మోను వాడుతున్నా వాడకపోయినా, ఆలస్యం చేయక ఓపీకి రండి.