చేతికి తెలిసే వెచ్చదనం

"ఆ సిస్టరమ్మ హస్తవాసి మంచిదండీ" అని మా పాదాల క్లినిక్కుకు వచ్చేవారు తరచు అంటుంటారు. వినడానికి మాకూ సంతోషమే. స్వస్థపరచేవాడు ప్రభువని మేము నమ్ముతాము. అయితే రోజూ రోగుల పాదాలు పట్టుకొనే చేతికి కొన్ని సంగతులు ముందుగా తెలుస్తాయి. ఆ చేతి మాట వినడం మేము ఆలస్యంగా నేర్చుకొన్నాము.

కొన్నేళ్ళ క్రితం ఒక రైతు మామూలు పరీక్షకు వచ్చారు. పదిహేనేళ్ళుగా షుగరు వ్యాధి. అరికాళ్ళలో స్పర్శ లేదు. పుండు లేదు, నొప్పీ లేదు. సిస్టరు ఆయన ఎడమ పాదం మీద చెయ్యి వేసి ఆగిపోయింది. "ఏదో తేడాగా ఉంది డాక్టరుగారూ" అంది. ఏమిటంటే చెప్పలేకపోయింది. ఎక్స్‌రే తీస్తే అంతా బాగానే ఉంది. అవి నాట్ల రోజులు, ఆయనకు తొందర. పంపించివేశాము.

మూడు వారాలకు తిరిగి వచ్చారు. పాదం వాచింది. అరికాలి వంపు కూలిపోయి పడవ అడుగులా కిందికి ఉబ్బింది. నరాలు దెబ్బతిన్న పాదంలో ఎముకలు లోలోపల విరుగుతున్నా నొప్పి సరిగా తెలియదు, మనిషి నడుస్తూనే ఉంటాడు. దీన్ని షార్కో పాదం అంటారు. మొదట్లో ఎక్స్‌రేలో ఏమీ కనబడకపోవచ్చు. వేడి, వాపు మాత్రం ముందే ఉంటాయి. సిస్టరు చేతికి తగిలింది ఆ వేడే. తన మాట మీద తనే నిలబడలేదని ఆమె ఏడ్చింది. నిజానికి తప్పు అడిగి వదిలేసిన మాది.

ఈ పాఠం కొత్తదేమీ కాదు. 1946లో వెల్లూరు క్రైస్తవ వైద్య కళాశాలకు వచ్చిన డాక్టర్ పాల్ బ్రాండ్, కుష్ఠు రోగుల పాదాలకు పుండ్లు పడేది మాంసం దానంతట అది కుళ్ళి కాదనీ, స్పర్శ లేక తగిలించుకొనే దెబ్బల వల్లననీ చూపించారు. పాదంలో వేడిగా ఉన్న చోటు రాబోయే పుండుకు హెచ్చరిక అని కూడా ఆయన బోధించారు.

ఇప్పుడు మా గదిలో ఒక నియమం ఉంది. ఎవరి చేతికైనా అనుమానం తగిలితే, కారణం చెప్పలేకపోయినా సరే, రోగిని పంపించము. రెండు పాదాల మీద అవే చోట్ల చర్మపు థర్మామీటరు పెట్టి చూస్తాము. 2.2 డిగ్రీల సెల్సియస్ కంటే ఎక్కువ తేడా ఉంటే గట్టిగా జాగ్రత్తపడతాము. చేయి పొరబడడమూ ఉంది. ఒక పెద్దాయన కుడికాలు బాగా వేడిగా తగిలి అందరం కంగారుపడ్డాము. తీరా చూస్తే ఆయన ఆటోలో ఇంజను పక్కన కాలు ఆనించి కూర్చొని వచ్చారట! అరగంట కూర్చోబెట్టాక రెండూ సమానమయ్యాయి.

షుగరు గాని, కుష్ఠు గాని వచ్చి స్పర్శ తగ్గినవారి ఇళ్ళలో ఇది చేయండి. రాత్రి చెప్పులు విప్పి పావుగంట ఆగిన తరువాత చేతి వెనుక భాగంతో రెండు పాదాలను తాకి పోల్చండి. రోగి చేతులకే స్పర్శ తగ్గితే మరొకరు చూడాలి. నెల రోజులు చూస్తే ఆ పాదం మామూలుగా ఎలా ఉంటుందో మీ చేతికే అలవాటవుతుంది. ఒకచోట వేడి మరునాటికీ ఉంటే ఆ కాలు మోపవద్దు, వెంటనే రండి. వాపు గాని, ఎరుపు గాని, పుండు గాని ఉంటే మరునాటి వరకు కూడా ఆగవద్దు. వేడినీళ్ళ కాపడం, మర్దన వద్దు.

ఆ రైతుకు ప్రత్యేక చెప్పులు చేయించాము. ఆయన భార్య చదువుకోలేదు, థర్మామీటరు చూడడం రాదు. ప్రతి రాత్రీ ప్రార్థన అయ్యాక ఆయన పాదాలు తాకి చూస్తుంది. మొన్న తొలకరికి ఆయన వద్దంటున్నా మొదటి బస్సుకే తీసుకొచ్చి, "ఈసారి కుడికాలండీ, రెండు రాత్రుల నుంచి తగులుతోంది" అంది. కొలిస్తే 3 డిగ్రీల తేడా ఉంది. అదే రోజు పిండికట్టు వేశాము. ఆయన ఇప్పుడు అరుగు మీద కూర్చొని ఉన్నారు. నాట్లు కొడుకు చూసుకొంటున్నాడు.