చిన్న కేసే కదా అని దాచొద్దు!

ఆర్మీ నుంచి వచ్చేశాక మా ఊరి గ్రౌండ్‌లో కుర్రాళ్లకు రన్నింగ్ ట్రైనింగ్ ఇస్తున్నా. 1.6 కిలోమీటర్లు ఐదున్నర నిమిషాల్లో కొడితే అగ్నివీర్ ఫిజికల్‌లో 60 మార్కులు. దాని గురించి అందరి ముందే అడుగుతారు. ఇంకో ప్రశ్న మాత్రం పక్కకు పిలిచి, గొంతు తగ్గించి అడుగుతారు: "అన్నా, నా మీద చిన్న కేసుంది. జాబ్ వస్తుందా?"

ముందు అదేం కేసో తెలుసుకోండి. హెల్మెట్ లేదని పడే ఈ-చలాన్ ఎఫ్‌ఐఆర్ కాదు. కట్టేసి రసీదు దాచుకోండి. తాగి బండి నడిపి దొరికితే మాత్రం లెక్క వేరు. మోటారు వాహనాల చట్టం 185వ సెక్షన్ కింద మొదటిసారికే 10 వేల జరిమానా లేదా 6 నెలల దాకా జైలు పడొచ్చు. ఒక్కోసారి రెండూ.

మా దగ్గర ఒకబ్బాయిది జాతరలో కొట్లాట కేసు. పెద్దమనుషుల ముందు రాజీ అయిపోయారు కాబట్టి కేసు పోయిందనుకున్నాడు. పోలేదు. పంచాయితీలో చేతులు కలిపినంత మాత్రాన ఎఫ్‌ఐఆర్ చెరిగిపోదు. రాజీకి వీలున్న సెక్షన్లయితే లోక్ అదాలత్‌లోనో కోర్టులోనో రాజీ రికార్డవ్వాలి. కోర్టు ఒప్పుకున్న రాజీని చట్టం నిర్దోషిగా విడుదలైనట్టే చూస్తుంది.

కాగితం చేతికొచ్చాక అతనే అడిగాడు, "ఇక ఫారంలో 'లేదు' అని పెట్టేయొచ్చుగా?" వద్దన్నా. వెరిఫికేషన్ ఫారంలో అడిగేది శిక్ష గురించి ఒక్కటే కాదు. ఎప్పుడైనా అరెస్టయ్యారా, కేసు నడిచిందా అని కూడా ఉంటుంది. కేసు కొట్టేసినా ఆ ప్రశ్నకు జవాబు 'అవును' అనే.

అవతార్ సింగ్ కేసులో 2016లో సుప్రీంకోర్టు ఇదే తేల్చింది. కుర్రతనంలో జరిగిన చిన్న విషయం దాచినా అధికారులు క్షమించొచ్చు. అది వాళ్ల ఇష్టం. నిజం చెప్పినా ఉద్యోగం ఇచ్చి తీరాలని లేదు. కానీ నిజం చెప్పినవాడి కేసు ఎంత పెద్దదని చూస్తారు. దాచినవాడి నిజాయితీ మీదే అనుమానం వస్తుంది. ట్రైనింగ్‌లో చేరాక బయటపడినా ఇంటికి పంపొచ్చు.

18 ఏళ్ల లోపు జరిగిన చిన్న నేరమైతే, దానివల్ల అనర్హత రాకూడదని బాల న్యాయ చట్టం-2015లోని 24వ సెక్షన్ చెబుతోంది. లాయర్‌ను అడిగి తెలుసుకోండి.

గుంపులో దూరేముందు కూడా ఆలోచించండి. 2022 జూన్ 17న సికింద్రాబాద్ స్టేషన్ తగలబడింది. రెండు రోజులకే, విధ్వంసంలో పాల్గొనలేదని ప్రతి అభ్యర్థీ రాసివ్వాలని, పోలీస్ వెరిఫికేషన్ తప్పదని సైనిక అధికారులు ప్రకటించారు.

మీ ఫోన్‌లో ఈ-కోర్ట్స్ యాప్ వేసుకుని కేసు స్టేటస్ చూడండి. తీర్పు సర్టిఫైడ్ కాపీ తీసుకోండి. నోటిఫికేషన్ వచ్చాక పరిగెత్తడం కాదు, ఈ వారమే.