కోనసీమలో గ్యాస్ పైపులైన్ల తనిఖీ

కోనసీమలో చమురు బావుల నుండి వెలువడే సహజవాయువును తీసుకుపోయే భూగర్భ గొట్టాల స్థితిని లోపలి నుండి, వెలుపలి నుండి పరీక్షించే పనిని గ్యాస్ పైపులైన్ల తనిఖీ అంటారు. ఇక్కడి గొట్టాలు కొబ్బరితోటలు, వరిచేలు, కాలువల క్రిందుగా, పలుచోట్ల ఇళ్ళకు అతి సమీపంగా సాగుతాయి. 2014లో నగరం గ్రామంలో జరిగిన పేలుడుతో ఈ తనిఖీల విషయం దేశవ్యాప్తంగా చర్చకు వచ్చింది.

నగరం ప్రమాదం

నగరం అప్పటి తూర్పు గోదావరి జిల్లా (2022 నుండి డా. బి.ఆర్. అంబేద్కర్ కోనసీమ జిల్లా) మామిడికుదురు మండలంలోని గ్రామం. తాటిపాకలోని ఓఎన్‌జీసీ కేంద్రం నుండి కొండపల్లిలోని ల్యాంకో విద్యుత్కేంద్రానికి వాయువును చేరవేసే గెయిల్ సంస్థ గొట్టం ఈ గ్రామం మీదుగా పోయేది. దాని వ్యాసం 18 అంగుళాలు. 2014 జూన్ 27న తెల్లవారుజామున అది పగిలి, వాయువు ఇళ్ళ మధ్య కమ్ముకొని అంటుకొంది. టీ దుకాణంలో పొయ్యి వెలిగించగా నిప్పు రాజుకొన్నదని నాటి పత్రికలు వ్రాశాయి. 20 మందికి పైగా మరణించారు. లీకు సంగతి ముందే తెలియజేశామని గ్రామస్థులు చెప్పారు.

ఇదే మండలంలోని పాశర్లపూడిలో 1995 జనవరి 8న మొదలై 65 రోజులు మండిన మంట బావికి సంబంధించినది. దానికీ గొట్టాల తనిఖీకీ సంబంధం లేదు.

కారణం

పొడి వాయువు కోసం నిర్మించిన గొట్టంలో తేమతో కూడిన వాయువును పంపారని, తేమను తొలగించే యంత్రాన్ని నెలకొల్పలేదని కేంద్ర ప్రభుత్వ విచారణ సంఘం తేల్చింది. వాయువులోని బొగ్గుపులుసు వాయువు నీటితో కలిస్తే ఆమ్లమవుతుంది. ఆ నీరు పల్లపు చోట్ల నిలిచి ఉక్కును లోపలి నుండి తినివేస్తుంది. గొట్టంపై పూత, విద్యుత్ ప్రవాహంతో కల్పించే కాథోడిక్ రక్షణ వెలుపలి తుప్పును మాత్రమే ఆపగలవు. లోపలి తుప్పు పైనుండి నడిచి చూసేవారికి కనబడదు.

తనిఖీ విధానం

అందువలన గొట్టం లోపలికి "పిగ్" అనే పరికరాన్ని పంపుతారు. వాయువు ఒత్తిడే దానిని ముందుకు నెడుతుంది. సాధారణ పిగ్ నిలిచిన నీటిని, మడ్డిని నెట్టివేస్తుంది. అయస్కాంత క్షేత్రంతో పనిచేసే మరొక రకం, గొట్టం మందం ఎక్కడ ఎంత తగ్గినదో నమోదు చేస్తుంది. మొదటిది చేయకుండా రెండవది పంపినా ఫలితం సరిగా రాదు.

ఈ గొట్టాల భద్రతా ప్రమాణాలను 2006 నాటి చట్టం క్రింద ఏర్పడిన పెట్రోలియం, సహజవాయువు నియంత్రణ మండలి నిర్ణయిస్తుంది. నిత్య తనిఖీ బాధ్యత మాత్రం గొట్టం నడిపే సంస్థదే. నగరం ఘటన తరువాత గెయిల్ కృష్ణా గోదావరి బేసిన్‌లోని పాత గొట్టాలను మార్చే పని చేపట్టింది.

లీకు గుర్తులు

వంటగ్యాసుకు వాసన రావడానికి అందులో ఇథైల్ మెర్కాప్టన్ కలుపుతారు. బావుల నుండి వచ్చే వాయువులో సాధారణంగా దీనిని కలపరు గనుక, వాసన లేనంత మాత్రాన లీకు లేదనుకోరాదు. కాలువ నీటిలో బుడగలు, బుస్సుమనే శబ్దం, పచ్చని చేలో ఒక్కచోట మాత్రమే పైరు ఎండిపోవడం గుర్తులు. అటువంటి చోట అగ్గిపుల్ల గాని, విద్యుత్ స్విచ్ గాని, మోటారు గాని ముట్టుకోకుండా గాలి వచ్చే వైపుకు దూరంగా పోవాలి. సమాచారమివ్వవలసిన ఫోను సంఖ్య గొట్టం దారి వెంట పాతిన గుర్తు స్తంభాలపై వ్రాసి ఉంటుంది.