నౌకపై నేర్చుకొను అధికారి

భద్రాచలము రేవున గోదావరిపై లాంచీ నడపు సరంగు ఒక్క దినమున సరంగు కాడు. తొలుత గడ పట్టి నీటిలోతు చూచును, మోకు లాగును, అడుగున చేరిన నీరు తోడును. పిమ్మటనే చుక్కాని వాని చేతికి వచ్చును. ఈ న్యాయము ఖమ్మము సీమ రైతునకు క్రొత్త కాదు. నౌకాదళమున మిడ్‌షిప్‌మన్ అను పదవికి మూలమును ఇదియే.

మిడ్‌షిప్‌మన్ అధికారులలో కడపటివాడు. కేరళమున ఎళిమలలో 2009లో ప్రారంభమైన నౌకాదళ అకాడమీ చదువుతో యువకుని విద్య పూర్తి కాదు; మిగిలినది నౌకలపైననే నేర్వవలెను. రేయింబవళ్లు వంతులవారీగా కావలి కాయవలెను. పటముపై నౌకయున్న చోటు గుర్తింపవలెను. నక్షత్రముల ఎత్తు కొలువవలెను. యంత్రశాల వేడిమిలో నిలువవలెను. చూచినదెల్ల దినచర్యగా వ్రాసి పై అధికారికి చూపవలెను. అన్నిటికన్న ముఖ్యముగా, రేపు తాను ఆజ్ఞాపింపబోవు నావికుని శ్రమ యెట్టిదో స్వయముగా నెరుగవలెను.

ఈ ఎరుక లేనిచో నేమగునో 1946లో లోకము చూచినది. ఆ యేడు ఫిబ్రవరి 18న బొంబాయిలోని తల్వార్ కేంద్రమున మన నావికులు చెడ్డ తిండిని, తెల్ల అధికారుల దూషణలను సహింపజాలక సమ్మె కట్టిరి. దినముల వ్యవధిలో అది కరాచీకిని, ఇతర రేవులకును ప్రాకెను. సర్దార్ పటేలు మున్నగు నాయకుల సలహాపై 23న వారు విరమించిరి. స్వాతంత్ర్యేచ్ఛ ఆ మంటకు గాలియైనది; నావికుని పళ్లెములో నేమున్నదో విచారింపని అధికారమే నిప్పురవ్వ.

దీనికి మారుగా రామదాసు కటారి చరిత్ర చూడుడు. 1927లో బొంబాయిలో నెలకొల్పిన డఫరిన్ శిక్షణ నౌకలో ఆయన తొలి జట్టు విద్యార్థి. నౌకాజీవనమును అట్టడుగునుండి నేర్చిన ఆ బాలుడే 1958 ఏప్రిలు 22న స్వతంత్ర భారత నౌకాదళమునకు తొలి భారతీయాధిపతి యయ్యెను.

మన సీమకు సముద్రము దూరమే. అయినను తూర్పు నౌకాదళమునకు ముఖ్యస్థానము మన విశాఖపట్టణమే గదా! 2022 నుండి జాతీయ రక్షణ అకాడమీ ద్వారము బాలికలకును తెరువబడినది. బిడ్డ అధికారి కావలెనని కోరని తండ్రి యుండడు. కాని బిడ్డ ముందు మోకు లాగవలెనన్న, పెక్కుమంది మోము చిట్లింతురు. నాగలి పట్టని కామందు పాలేరు కష్టమెరుగనట్లే, మోకు పట్టని అధికారి నావికుని ఎరుగడు. బిడ్డను ఆ వైపు పంపగోరు గృహస్థులు జీతమును, హోదాను విచారించుటకు ముందు, ఈ క్రిందిమెట్టు పనికి వానిని ఇంటనే సిద్ధపరుపవలెను.