ఇరుసు మీద ఇల్లు

గూడు బండి అంటే రెండు చక్రాలు, వాటిని కలిపే ఇరుసు, ముందుకు చాచిన నొగ, నొగ కొసన కాడి. పైన వెదురు బద్దలు వంచి తాటాకో చాపో కప్పిన గూడు. ఈ కాస్త సరంజామాతోనే దక్షిణాదిన ఎన్నో తరాల ఆలుమగలు దారి మీద కాపురాలు చేశారు. ఇవాళ మోటారు కారవాన్‌లో పడక, పొయ్యి, నీళ్ళ ట్యాంకు అమర్చుకుని ఏడాది పొడవునా తిరిగే దంపతుల బతుక్కి మన నేల మీద పూర్వరూపం ఇదే. ఈ యంత్రం కథ తెలుసుకోవడానికి మదురై నుంచి విరుదునగర్, సాత్తూరు, కోవిల్‌పట్టి మీదుగా దక్షిణానికి దిగే దారి కంటే మంచి చోటు దొరకదు. కింద తూత్తుకుడి తీరాన ఉప్పు మడులు, నడుమ పత్తి పండే నల్లరేగడి, దారి పొడవునా సంతలు. బండికి కావలసిన సరుకూ, బండిని పరీక్షించే నేలా రెండూ ఇక్కడే ఉన్నాయి.

బండి కాపురానికి అతి పాత సాక్ష్యం తమిళ సంగం సాహిత్యంలో ఉంది. దాదాపు రెండు వేల ఏళ్ళ నాటి ఆ పద్యాల్లో ఉప్పు అమ్ముకునే వాళ్ళను ఉమణర్లు అన్నారు. కడియలూర్ ఉరుత్తిరంకణ్ణనార్ రాసిన పెరుంబాణాట్రుప్పడై వాళ్ళ బండిని దగ్గరగా చూసి వర్ణించింది. చక్రం, ఇరుసు, కప్పు, ఒక్కొక్కటీ అందులో కనిపిస్తుంది. బండి గుమ్మం దగ్గర కోళ్ళ గూడు, వేలాడదీసిన చిన్న రోలు, ఊరగాయ కుండ ఉన్నాయి. చంటిబిడ్డ తల్లి ఎద్దుల్ని అదిలిస్తూ బండి తోలుతుంది. మగవాళ్ళు పక్కన నడుస్తూ ఎద్దుల్ని కనిపెట్టుకుని ఉంటారు. సరుకు మోసే బండిలో కోళ్ళ గూడు ఉందంటే ఆ బండే వాళ్ళ ఇల్లని అర్థం. నాలుగు రోజుల ప్రయాణానికి ఎవరూ రోలు కట్టుకుని వెళ్ళరు.

సంగం సంకలనమైన పురనానూరులో కవయిత్రి ఔవయార్ పద్యం ఒకటి ఇంకో సంగతి చెబుతుంది. ఉమణర్లు బండి కింద అదనపు ఇరుసు ఒకటి కట్టుకుని బయలుదేరేవారు. ఎగుడుదిగుడు దారిలో బండి ఎక్కడ విరుగుతుందో ముందుగా తెలియదు. ఊరు దగ్గర్లో ఉండదు, వడ్రంగి దొరకడు. ఔవయార్ ఒక వీరుణ్ణి పొగుడుతూ ఆ అదనపు ఇరుసుతో పోల్చింది. బండిలో అన్నిటికంటే ముందు అరిగేది, విరిగేది ఇరుసేనని అప్పటికే లోకానికి తెలుసన్నమాట. ఇవాళ కారవాన్ వెనక వేలాడే స్టెప్నీ టైరు చేసే పని అదే.

ఇరుసు ఎందుకు అరుగుతుందో చక్రం నిర్మాణం చూస్తే తెలుస్తుంది. పాత బండిలో ఇరుసు తిరగదు, దాని చుట్టూ చక్రం తిరుగుతుంది. చక్రం నడుమ ఉండే కుండకూ ఇరుసుకూ మధ్య కర్ర మీద కర్ర రాసుకుంటుంది. బరువంతా ఆ రాపిడి మీదే. అందుకే ఆముదంలో కాల్చిన గడ్డి మసి కలిపి కందెన పెట్టేవారు. నూనె రాపిడిని తగ్గిస్తుంది, మసి ఆ నూనె కారిపోకుండా చిక్కబరుస్తుంది. కందెన ఆరితే చక్రం కీచుమంటుంది, ఆ చప్పుడుకే మనిషి నిద్ర లేచేవాడు. తరవాతి కాలంలో ఇనుప ఇరుసు, కుండలో పోత ఇనుప తొడుగు వచ్చాక ఈ బాధ చాలా తగ్గింది.

కుండలోంచి ఆకులనే చెక్క కమ్ములు బయలుదేరి, అంచున వంపు చెక్కల్లో దిగుతాయి. వీటన్నిటినీ ఒక్కటిగా బిగించి ఉంచేది పైనున్న ఇనుప పట్టా. దాన్ని మేకులతో కాదు, వేడితో బిగిస్తారు. పట్టాను చక్రం చుట్టుకొలత కంటే కొంచెం తక్కువగా చేసి, పిడకల మంటలో ఎర్రగా కాల్చి, వేడి మీద తొడిగి, వెంటనే నీళ్ళు పోస్తారు. మీటరున్నర వ్యాసం ఉన్న చక్రానికి చుట్టుకొలత 4.7 మీటర్లు. ఇనుము 400 డిగ్రీలు వేడెక్కితే అంత పొడవు పట్టా 22 మిల్లీమీటర్లకు పైగా సాగుతుంది. చల్లారేటప్పుడు ఆ సాగినదంతా వెనక్కి లాక్కుంటుంది. ఆ లాగుడుకు ఆకులు కుండలోకి, వంపు చెక్కలు ఒకదానిలోకి ఒకటి దిగబడిపోతాయి. ఒక్క బోల్టు లేకుండా ఇన్ని ముక్కల్ని ఇంత గట్టిగా పట్టి ఉంచిన ఉపాయం మన కమ్మరి వాళ్ళ చేతి గొప్పతనం. దానికి ఇంకా ఎక్కువ గౌరవం దక్కాల్సింది.

చక్రం అంత పెద్దదిగా ఉండడానికీ కారణం ఉంది. రాయి గానీ గట్టు గానీ అడ్డొస్తే చిన్న చక్రం దానికి కొట్టుకుంటుంది, పెద్ద చక్రం మెల్లగా ఎక్కి దిగుతుంది. మెత్తటి నేలలో పెద్ద చక్రం తక్కువగా దిగబడుతుంది. నల్లరేగడిలో ఇది ప్రాణావసరం. ఈ నేలలోని బంకమట్టి నీళ్ళు పీల్చి ఉబ్బుతుంది, ఎండితే చేయి దూరేంత వెడల్పున పగుళ్ళిస్తుంది. ఈశాన్య రుతుపవనం దిగే అక్టోబరు నుంచి డిసెంబరు దాకా బండి కదిలించడం కష్టం. చక్రానికి అంటిన బంక బరువే ఎద్దుల్ని ఆపేస్తుంది. పత్తి తీసి, దారులు గట్టిపడే ఎండాకాలంలోనే బండ్లకు పని. బండి మీద కాపురం కూడా ఆ కాలాన్ని అనుసరించే సాగింది.

ఇక లాగే బలం. ఎద్దు తన బరువులో పదో వంతు బలంతో రోజంతా లాగగలదని ఒక లెక్క. 400 కిలోల ఎద్దులు రెండైతే లాగుడు 80 కిలోలు, నడక సెకనుకు ఒక మీటరు. అంటే దాదాపు 800 వాట్లు, ఒక అశ్వశక్తి కంటే కాస్త ఎక్కువ. ఇవాళ్టి కారవాన్‌లో పెట్టుకునే ఒక ఇండక్షన్ పొయ్యి ఒక్కటే 2,000 వాట్లు తాగుతుంది, అంటే రెండున్నర జతల ఎద్దుల శ్రమ. గూడు బండిలో సామాను అంత తక్కువగా ఎందుకు ఉండేదో ఈ ఒక్క అంకె చెబుతుంది.

రెండు చక్రాల బండి తూకం మీద నడుస్తుంది. బరువు ఇరుసుకు కొంచెం ముందు పడాలి. మరీ ముందైతే కాడి ఎద్దుల మెడ మీద కూర్చుంటుంది, వెనకైతే నొగ పైకి లేచి మెడ తాడు గొంతుకు బిగుస్తుంది. కాబట్టి బియ్యం మూట, రోలు ఇరుసు దగ్గర, గుడ్డల మూటలు వెనక, గడ్డి బండి కింద వేలాడే వలలో. ఏ వస్తువు ఎక్కడ ఉండాలో ఇల్లాలికి తెలిసినంతగా తోలేవాడికి కూడా తెలియదు. ఎద్దుల్ని విప్పగానే బండి ముందుకు వాలుతుంది కనుక నొగ కింద కర్ర ఆసరా పెట్టాలి. ఆసరా పెట్టాక గూడు పడకగది అవుతుంది, బండి కింది నీడ వంటిల్లు అవుతుంది. మూడు రాళ్ళ పొయ్యి, సజ్జ సంకటి, మజ్జిగ. ఎండ తగ్గాక బయలుదేరి రాత్రంతా నడిచేవారు. దారి తెలిసిన ఎద్దులు ముందు బండి వెంట వాటంతట అవే నడిచేవి, ఆలుమగలు వంతులవారీగా కునుకు తీసేవారు.

దారిని నిర్ణయించింది మాత్రం మనుషులు కాదు, ఎద్దుల దాహం. ఎండకాలంలో ఒక్కో ఎద్దుకు రోజుకు 30 నుంచి 40 లీటర్ల నీళ్ళు కావాలి. జతకు 80 కిలోల నీళ్ళు మోసుకెళ్ళడం కుదరదు. అందువల్ల మజిలీలన్నీ చెరువుల దగ్గర, రామనాథపురం సీమ ఊరణుల (ఊరి నీటి గుంటల) దగ్గర పడ్డాయి. పత్తి పండే చోట పత్తి గింజలు దొరికేవి, నానబెట్టి రుబ్బి పెడితే ఎద్దుకు అంతకు మించిన బలం లేదు.

1801లో పాళెగాళ్ళ యుద్ధాలు ముగిసి దారులు కాస్త నెమ్మదించాక ఈ సీమలో నాడార్ వర్తకులు బండ్ల మీద వ్యాపారం పెంచారు. తాటి బెల్లం, ఎండు చేపలు, ఉప్పు, పొగాకు వాళ్ళ సరుకులు. దొంగల భయం తీరలేదు కనుక మజిలీ మజిలీకి ప్రహరీ కట్టిన పేట్టైలు ఏర్పరిచారు. లోపల బండ్లు నిలిపే చోటు, బావి, సరుకు దించే కొట్టు. ఖర్చుకు వర్తకం మీద మహిమై అనే చందా వసూలు చేసుకునేవారు. విరుదునగర్ (1923 దాకా దాని పేరు విరుదుపట్టి), సాత్తూరు, శివకాశి, అరుప్పుక్కోట్టై వర్తక పట్టణాలుగా పెరగడం వెనక ఈ పేట్టైలు ఉన్నాయి. గూడు బండి యంత్రంలో పేట్టైని కూడా ఒక భాగంగా లెక్కించాలి. చక్రం ఎంత బాగున్నా, రాత్రి ఆగే చోటు లేకపోతే ఆ ఇల్లు తెల్లవారేదాకా నిలవదు.

ఇదే నేల మీద తెలుగు కుటుంబాలు కూడా స్థిరపడ్డాయి. 16వ శతాబ్దంలో మదురై నాయక రాజ్యం ఏర్పడ్డప్పటి నుంచి తెలుగువాళ్ళు దక్షిణానికి వలస వచ్చి నల్లరేగడి సాగు చేశారు. కోవిల్‌పట్టి దగ్గరి ఇడైసేవల్ ఊరివాడైన రచయిత కి. రాజనారాయణన్ ఇంటి భాష తెలుగే. ఆ వలసనే వస్తువుగా తీసుకుని ఆయన 1976లో గోపల్ల గ్రామం అనే తమిళ నవల రాశారు. ఈ ఇళ్ళలో బండి సేద్యపు పనిముట్టు, ఏడాదికి కొన్ని రోజులు మాత్రమే ఇల్లు. సాత్తూరు దగ్గర అర్జున, వైప్పారు నదులు కలిసే ఇరుక్కంగుడి మారియమ్మన్ జాతరకు తమిళ ఆడి మాసంలో కుటుంబాలు బండ్లు కట్టుకుని వెళ్ళి, అక్కడే వండుకుని, బండి నీడన పడుకునేవి.

1876లో మదురై నుంచి తూత్తుకుడికి రైలు మార్గం విరుదునగర్, కోవిల్‌పట్టిల గుండా వచ్చింది. పత్తి మూటలు రేవుకు రైల్లో పోసాగాయి. దూర ప్రయాణపు బండి స్టేషన్‌కు సరుకు చేర్చే బండి అయింది, దానితో పాటే నెలల తరబడి సాగే బండి కాపురం తగ్గిపోయింది. రెండో దెబ్బ టైరుది. డన్లప్ కంపెనీ 1936లో బెంగాల్‌లోని సాహాగంజ్‌లో ఫ్యాక్టరీ పెట్టాక గాలి టైర్లు ఎద్దుల బండికీ ఎక్కాయి. సన్నటి ఇనుప పట్టా రోడ్డును కోసేది. గాలి టైరు బరువును పరిచి, బేరింగుల సాయంతో అదే జతతో ఎక్కువ సరుకు లాగించింది. ఎద్దుల మెడకు ఇది నిజమైన మేలు. బెంగళూరు ఐఐఎం తొలి డైరెక్టర్ ఎన్.ఎస్. రామస్వామి 1970లలో బండిని బాగు చేయాలని పట్టుబట్టింది కూడా ఆ జంతువుల బాధ చూసే. కానీ టైరు బండి బల్ల చదునుగా, పొడవుగా మారింది. గూడు పోయింది. అది పూర్తిగా సరుకు వాహనం.

బండి మీద ఇల్లు అంతకు ముందే మరో చోట మళ్ళీ పుట్టింది. 1885లో గోర్డన్ స్టేబుల్స్ అనే మాజీ నౌకాదళ వైద్యుడు ఇంగ్లండ్‌లో గుర్రాలు లాగే ‘వాండరర్’ అనే బండి చేయించుకుని, సరదా కోసం స్కాట్లండ్ దాకా తిరిగాడు. ఉప్పు అమ్మే అవసరం ఆయనకు లేదు. 1922లో స్వీడన్ విద్యార్థులు ఫాన్ ప్లాటెన్, ముంటెర్స్ మోటారు లేకుండా కేవలం వేడితో పనిచేసే ఫ్రిజ్ కనిపెట్టారు. గ్యాస్ మంటతో చల్లబరిచే ఆ పెట్టె తరవాత కారవాన్ వంటింటికి ఆధారమైంది. 1966లో అమెరికాలో విన్నెబాగో కంపెనీ మోటారు ఇళ్ళను ఫ్యాక్టరీ వరుసలో తయారు చేయసాగింది. ఇప్పుడు కప్పు మీద సోలార్ పలకలు, కింద లిథియం బ్యాటరీ, 100 లీటర్ల నీళ్ళ ట్యాంకు ఉంటే ఇద్దరు మనుషులు పొదుపుగా మూడు నాలుగు రోజులు గడపగలరు.

మన దేశంలో మోటారు కారవాన్ల నిర్మాణానికి ఏఐఎస్-124 అనే ప్రమాణం ఉంది. కేరళ ప్రభుత్వం 2021లో కారవాన్ పర్యాటక విధానం తెచ్చినప్పుడు వాహనాలతో పాటు కారవాన్ పార్కులనూ అందులో చేర్చింది. వాటిలో మొదటిది 2022లో వాగమన్‌లో మొదలైంది. వాహనానికి కరెంటు, మంచినీళ్ళు, మురుగు ట్యాంకు ఖాళీ చేసే ఏర్పాటు అక్కడ అందుతాయి. విరుదునగర్, కోవిల్‌పట్టిల మీదుగా కన్యాకుమారి వెళ్ళే 44వ నంబరు జాతీయ రహదారి మీద కూడా ఇల్లు వెంట తీసుకెళ్ళే దంపతులకు కావలసినవి ఇవే. పేట్టైలో బావి, ప్రహరీ ఉంటే సరిపోయేది. ఇప్పటి మజిలీకి వాటితో పాటు ప్లగ్గు, మురుగు గొయ్యి కూడా కావాలి.