దోషం ఏ పొరలో ఉంది? జావా నేర్చుకునేవారికి తొలి పాఠం

జావా నేర్చుకోవడం మొదలుపెట్టిన విద్యార్థికి ఎదురయ్యే తొలి ఆటంకాలు చాలావరకు భాషకు సంబంధించినవి కావు. నియమాలన్నీ పాటించి రాసిన నాలుగు వరుసల ప్రోగ్రామ్ కూడా, దాన్ని నడిపే పరికరాలు కంప్యూటర్‌లో సరిగా అమరకపోతే కదలదు. ఆ సంగతి తెలియనివారు లోపం తమలోనే ఉందనుకుని, ప్రోగ్రామింగ్ తమకు అబ్బదని తీర్మానించుకునే ప్రమాదం ఉంది. తెలుగు రాష్ట్రాల ఇంజనీరింగ్ కళాశాలల్లో జావా పాఠ్యాంశంగా ఉన్నందున, ఈ అమరికలో ఎన్ని పొరలున్నాయో, ఏ పొరలోని దోషం ఏ రూపంలో బయటపడుతుందో తెలుసుకోవడం కూడా ఆ చదువులో భాగమేనని గుర్తించవలసి ఉంది.

సన్ మైక్రోసిస్టమ్స్ సంస్థలో జేమ్స్ గోస్లింగ్ నేతృత్వాన రూపుదిద్దుకుని 1995లో వెలువడిన జావా, 2010లో ఆ సంస్థతో పాటు ఒరాకిల్ చేతికి వచ్చింది. ఒకసారి రాసిన ప్రోగ్రామ్ ఏ కంప్యూటర్‌పైనైనా నడవాలన్నది దాని మూలసూత్రం కనుక, జావాసీ అనే కంపైలర్ మూలప్రతిని నేరుగా యంత్రభాషలోకి కాక బైట్‌కోడ్ అనే మధ్యంతర రూపంలోకి మారుస్తుంది. ఆ బైట్‌కోడ్‌ను చదివి నడిపే సాఫ్ట్‌వేర్‌ను జావా వర్చువల్ మెషీన్, క్లుప్తంగా జేవీఎం, అంటారు. కంపైలర్, జేవీఎం, లైబ్రరీలు కలిసి ఉన్నది జేడీకే. కంపైలర్ లేకుండా, తయారైన ప్రోగ్రామ్‌ను నడపడానికి మాత్రమే పనికివచ్చేది జేఆర్ఈ. వీటిపైన నెట్‌బీన్స్, ఎక్లిప్స్, ఇంటెలిజే ఐడియా వంటి ఐడీఈలు, అంటే రాయడం, కంపైల్ చేయడం, తప్పులు వెతకడం అన్నీ ఒకేచోట జరిపించే సాఫ్ట్‌వేర్లు, ఉంటాయి. ఒక్క బటన్‌తో పని జరిపించే ఐడీఈ కింది పొరలను కంటికి కనబడనీయదు. అందువల్ల చిక్కు వచ్చినప్పుడు ఐడీఈని పక్కన పెట్టి, కమాండ్ ప్రాంప్ట్ నుంచి ఒక్కో పొరనూ విడిగా పరీక్షించడం మేలు.

విండోస్‌లో జావాసీని అంతర్గత లేదా బాహ్య ఆజ్ఞగా గుర్తించలేకపోయామన్న సందేశం వచ్చిందంటే, జేడీకే అసలు ఇన్‌స్టాల్ కాలేదని గానీ, కంపైలర్ ఉన్న బిన్ ఫోల్డర్ చిరునామా పాత్ అనే సెట్టింగ్‌లో చేరలేదని గానీ అర్థం. ఆజ్ఞలను ఏయే ఫోల్డర్లలో వెతకాలో ఆపరేటింగ్ సిస్టమ్‌కు చెప్పే జాబితాయే పాత్. దాన్ని సవరించిన తరువాత, అప్పటికే తెరిచి ఉన్న కమాండ్ ప్రాంప్ట్‌కు ఆ మార్పు తెలియదు కనుక కొత్త కిటికీ తెరవాలి. మేవెన్ వంటి సాధనాలు వాడుకునే జావా హోమ్ అనే సెట్టింగ్ మాత్రం బిన్ ఫోల్డర్‌ను కాక, దానికి పైనున్న జేడీకే ఫోల్డర్‌ను చూపాలి.

ఫైలు పేరు కూడా తరచు ఇబ్బంది పెడుతుంది. పబ్లిక్ క్లాస్ పేరూ ఫైలు పేరూ పెద్ద, చిన్న అక్షరాలతో సహా ఒక్కటిగా ఉండాలి. నోట్‌ప్యాడ్‌లో రాసిన ఫైలుకు డాట్ జావా తరువాత డాట్ టీఎక్స్‌టీ చేరినా, విండోస్ ఆ తోకను దాచిపెట్టడం వల్ల విద్యార్థికి తప్పు కనిపించదు.

ఒకే కంప్యూటర్‌లో రెండు జావాలు ఉన్నప్పుడు వచ్చే చిక్కు మరింత సూక్ష్మమైనది. కొత్త కంపైలర్ తయారుచేసిన బైట్‌కోడ్‌ను పాత జేవీఎం చదవలేక, క్లాస్ ఫైలు వెర్షన్ 61.0 అనీ, తనకు 52.0 వరకే తెలుసుననీ ఎర్రర్ చూపుతుంది. ఈ అంకెల నుంచి 44 తీసివేస్తే జావా వెర్షన్ తెలుస్తుంది: 61 అంటే జావా 17, 52 అంటే జావా 8. అంటే ప్రోగ్రామ్‌లో తప్పేమీ లేదు. కంపైల్ చేసినది ఒక జావా, నడుపుతున్నది మరొకటి. జావా, జావాసీ రెండింటి వెర్షన్లనూ విడివిడిగా అడిగి, విండోస్‌లో వేర్ అనే ఆజ్ఞతో అవి ఏ ఫోల్డర్ల నుంచి వస్తున్నాయో చూస్తే విషయం తేలిపోతుంది.

బటన్లు, కిటికీలు ఉండే గ్రాఫికల్ ప్రోగ్రామ్‌ల దగ్గర చరిత్ర కూడా అడ్డుపడుతుంది. మొదట వచ్చిన ఏడబ్ల్యూటీ తరువాత 1998లో జావా 1.2తో స్వింగ్, ఆపైన జావాఎఫ్ఎక్స్ వచ్చాయి. అయితే 2018లో వెలువడిన జావా 11 నుంచి జావాఎఫ్ఎక్స్‌ను ఒరాకిల్ జేడీకే నుంచి వేరుచేశారు. అందువల్ల పాత పుస్తకంలోని ప్రోగ్రామ్‌ను అక్షరం మార్చకుండా ఎక్కించినా, జావాఎఫ్ఎక్స్ భాగాలు లేవన్న సందేశం రావచ్చు. ఓపెన్‌జేఎఫ్ఎక్స్‌ను విడిగా తెచ్చుకుని, మాడ్యూల్ పాత్ అనే ఐచ్ఛికంలో దాని చిరునామా ఇచ్చి, ఏ మాడ్యూళ్లు కావాలో కూడా చెప్పాలి.

స్వింగ్ జేడీకేలోనే ఉన్నా, దాని పనితీరు తెలియకపోతే కిటికీ బిగుసుకుపోతుంది. బటన్ నొక్కులను అందుకోవడం, తెరను తిరిగి గీయడం రెండూ ఈవెంట్ డిస్పాచ్ థ్రెడ్ అనే ఒకే వరుసలో జరుగుతాయి. బటన్ నొక్కగానే పెద్ద ఫైలును చదివే పనిని అదే వరుసలో పెడితే, చదవడం ముగిసేదాకా తెర గీసే పని ఆగిపోయి, మూసివేసే గుర్తు నొక్కినా కిటికీ స్పందించదు. అటువంటి సుదీర్ఘమైన పనిని స్వింగ్ వర్కర్ అనే క్లాస్‌కు అప్పగించాలి. నెట్‌బీన్స్‌లో లాగి వదిలే పద్ధతిలో తెరను రూపొందించేవారు డాట్ ఫామ్ ఫైలును పదిలంగా ఉంచుకోవాలి. కోడ్‌తో పాటు దాన్ని కాపీ చేయకపోతే, మరో కంప్యూటర్‌లో ప్రోగ్రామ్ నడిచినా డిజైన్ తెర తెరుచుకోదు.

తెలుగులో ప్రోగ్రామ్ రాసేవారికి మరో పరీక్ష ఉంది. అక్షరాల బదులు ప్రశ్నార్థకాలు వస్తే సాధారణంగా దోషం ఎన్‌కోడింగ్‌లో, అంటే అక్షరాలను అంకెలుగా మార్చే పద్ధతిలో, ఉంటుంది. ఖాళీ పెట్టెలు వస్తే ఎంచుకున్న ఫాంట్‌లో తెలుగు లేదని భావించవచ్చు. 2022లో వచ్చిన జావా 18 నుంచి యూటీఎఫ్-8 అప్రమేయ ఎన్‌కోడింగ్ అయింది. అంతకుముందరి వెర్షన్లలో దాన్ని కంపైలర్‌కు విడిగా చెప్పడం క్షేమకరం.

ఈ ఉదాహరణలన్నింటిలోనూ ఎర్రర్ సందేశమే సగం సమాధానం చెబుతుంది. కంపైలర్ చూపిన తప్పుల్లో మొదటిదాన్ని సవరించి మళ్లీ కంపైల్ చేయాలి, ఎందుకంటే తరువాతివి తరచు దాని పర్యవసానాలే. నడిచేటప్పుడు వచ్చిన ఎర్రర్‌లో తాము రాసిన క్లాస్ పేరు ఏ వరుసలో ఉందో వెతకాలి. ఒకసారికి ఒక్క మార్పు మాత్రమే చేసి ఫలితం చూడాలి. ప్రయోగశాలలో ఉపాధ్యాయులు తొలి తరగతిలోనే జేడీకేను, పాత్‌ను కావాలని చెడగొట్టి విద్యార్థులచేత బాగుచేయిస్తే, వారు ఎర్రర్‌ను అవమానంగా కాక ఆధారంగా చదవడం నేర్చుకుంటారు. ఏ ఐడీఈ మారినా, ఏ వెర్షన్ వచ్చినా ఆ నేర్పు పాతబడదు.